కారు పక్క అద్దాలకు సన్ ఫిల్మ్ మీరే అతికించుకోవడం ఎలా

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు కారు నడిపితే ఎండ సరిగ్గా కుడి వైపు నుంచి కొడుతుంది. ఏసీ ముఖానికి చల్లగా తగులుతున్నా, డోర్ పక్కనున్న కుడి చెయ్యి మాత్రం చురచురమంటూనే ఉంటుంది. ఆ వేడికి తోడు చర్మానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దానికి కారణం అద్దంలోనే ఉంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసిన లామినేటెడ్ గాజు. ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పక్క డోర్ల అద్దాలు చాలా కార్లలో ఒకే పలకగా ఉండే టఫెన్డ్ గాజు. వాటిలోంచి చర్మాన్ని నల్లబరిచే కిరణాలు చాలా వరకు లోపలికి వచ్చేస్తాయి. అందుకే సన్ ఫిల్మ్, అంటే అద్దానికి అతికించే పలచటి ప్లాస్టిక్ పొర, అవసరం ఎక్కువగా పక్క అద్దాలకే. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదలుపెట్టదగ్గవి కూడా ఇవే. వెనక అద్దం ఒంపు ఎక్కువ, పైగా దాని మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్ గీతలుంటాయి. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు చట్టం సంగతి

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ఈ శాతాన్నే వీఎల్‌టీ అంటారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. వీఎల్‌టీ ఎంతున్నా సరే, అద్దాల మీద ఫిల్మ్ అతికించకూడదంది. ఆ తర్వాత కేంద్రం ఇదే నిబంధనను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌ను కూడా ఒప్పుకుంది. దాని ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతం పరిమితులకు లోబడి ఫిల్మ్ వేసుకున్నవాళ్లకు జరిమానా వేయకూడదని తీర్పిచ్చింది.

మన దగ్గర మాత్రం ఆ తీర్పు కాగితం చూపించినంత మాత్రాన చలాన్ తప్పుతుందన్న భరోసా లేదు. నల్ల ఫిల్మ్ కనబడితే కారు ఆపి, చలాన్ రాసి, అక్కడికక్కడే పీకించడం హైదరాబాద్‌లో మామూలే. కాబట్టి బయటి నుంచి చూస్తే లోపల కూర్చున్నవాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపించే తేటైన ఫిల్మే ఎంచుకోండి. బిల్లు, వీఎల్‌టీ రాసి ఉన్న కంపెనీ సర్టిఫికెట్ డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. చలాన్ అన్న మాటే వద్దనుకునేవాళ్లు బండి ఆపినప్పుడు పెట్టి, నడిపేటప్పుడు తీసేసే షేడ్లతో సరిపెట్టుకోవడం మేలు. నలుపు కోసం ఫిల్మ్ వేసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, వద్దు. రాత్రి పూట పక్క నుంచి వచ్చే బైకు, రోడ్డు దాటే మనిషి కనిపించడం మీ చల్లదనం కంటే ముఖ్యం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్క. టెక్సాస్‌లో ముందు డోర్ల అద్దాలు 25 శాతం వరకు ఉండొచ్చు. కాలిఫోర్నియాలో అవే అద్దాలు 70 శాతానికి తగ్గకూడదు. ఇల్లు మారి వేరే రాష్ట్రానికి వెళ్తే ఫిల్మ్ లెక్క కూడా మళ్లీ చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. ఫిల్మ్ డబ్బా మీద 50 శాతం అని ఉంటే, అతికించాక కూడా 50 శాతమే ఉంటుందనుకుంటారు. కానీ కారు అద్దమే లేత ఆకుపచ్చ ఛాయతో వస్తుంది, అది కొంత వెలుతురును ముందే ఆపేస్తుంది. ఈ రెండు శాతాలనూ హెచ్చవేయాలి. అద్దం 75 శాతం, ఫిల్మ్ 50 శాతం అయితే మిగిలేది 37.5 శాతం. అంటే పరిమితి దాటిపోయినట్టే. అదే అద్దానికి 70 శాతం ఫిల్మ్ వేస్తే 52.5 శాతం మిగులుతుంది. కాబట్టి మన రోడ్ల మీద 70 శాతం కంటే తక్కువ ఫిల్మ్ వైపు చూడకండి. కొనే షాపులో వీఎల్‌టీ మీటరు ఉంటే ముందు మీ కారు ఖాళీ అద్దాన్ని కొలిపించండి.

ఏ ఫిల్మ్ కొనాలి

నల్లగా ఉంటేనే చల్లగా ఉంటుందన్నది తప్పు. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల్లో ఉంటుంది. వాటిని ఆపే ఫిల్మ్ తేటగా ఉన్నా వేడి తగ్గిస్తుంది. చౌకగా దొరికే రంగు ఫిల్మ్ వెలుతురును తగ్గిస్తుంది కానీ వేడిని ఆపడంలో వెనకబడుతుంది. పైగా కొన్నేళ్లకు ఊదా రంగులోకి తిరుగుతుంది. మీరు రోడ్ల మీద చూసే ఊదా రంగు అద్దాలు అవే. లోహపు పొర ఉన్న ఫిల్మ్ వేడిని బాగానే తిప్పికొడుతుంది కానీ ఫోన్ సిగ్నల్‌ను దెబ్బ తీయగలదు. మన అవసరానికి సరిపోయేది, లోహం లేకుండానే పరారుణ వేడిని ఆపే సిరామిక్ ఫిల్మ్. ధర ఎక్కువే, అయినా 70 శాతం వీఎల్‌టీతో నిజంగా తేడా తెలిసేది దానితోనే. త్రీఎం, గార్వేర్ లాంటి కంపెనీలవి మన ఊళ్లలో దొరుకుతాయి.

షాపులో ఎర్రటి హీట్ ల్యాంప్ ముందు ఫిల్మ్ పెట్టి, వెనక చెయ్యి పెట్టి చూడమంటారు. దాన్ని చూసి కొనేయకండి. ఆ దీపం ఇచ్చేది ఎక్కువగా పరారుణ వేడే. ఎండలో అలా ఉండదు. 'మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుంది' అన్న అంకె, అంటే టీఎస్‌ఈఆర్, ఎంతో అడగండి. రెండు ఫిల్మ్‌లను పోల్చాల్సింది ఆ అంకెతోనే.

ఒక్కో అద్దం అడ్డంగా ఎక్కడ ఎక్కువ పొడవుందో, నిలువుగా ఎక్కడ ఎక్కువ ఎత్తుందో కొలిచి, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు కలపండి. అద్దం కింది భాగం కొంత డోర్ లోపల ఉంటుందన్నది మరిచిపోవద్దు. దాని మీద ఇంకో డోర్‌కు సరిపడా ఎక్కువ కొనండి. మొదటిసారి ఒక ముక్క పాడవుతుందనే లెక్క వేసుకోవాలి.

సామాన్లు

రెండు స్ప్రే బాటిళ్లు, నీళ్లు లాగేయడానికి చెయ్యి పట్టేంత రబ్బరు స్క్వీజీ ఒకటి, గట్టి ప్లాస్టిక్ కార్డు ఒకటి, బ్లేడు కొస విరిచే కట్టర్, దానికి స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడ్లు, అద్దం గీకే రేజర్ స్క్రేపర్, నూగు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు, మాస్కింగ్ టేపు, సెల్లోటేపు, ఒక పెద్ద టవల్. హీట్ గన్ ఉంటే మంచిది. పక్క అద్దాల ఒంపు తక్కువ కాబట్టి చాలా కార్లకు జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ కూడా సరిపోతుంది.

నీళ్ల విషయంలో పిసినారితనం వద్దు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి ఫిల్మ్ వెనక ఆరాక తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి, తర్వాత ఏం చేసినా పోవు. ఆర్‌వో నీళ్లు గానీ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. లీటరు నీళ్లలో అర టీస్పూనుకు మించకుండా బేబీ షాంపూ కలపండి. వేళ్ల మధ్య రుద్దితే జారాలి, నురగ మాత్రం పొంగకూడదు. షాంపూ ఎక్కువైతే ఫిల్మ్ పట్టుకోదు. తక్కువైతే అద్దానికి తగలగానే అంటుకుని కదలనంటుంది.

చోటు

ఈ పనిలో అసలు శత్రువు దుమ్ము. ఫిల్మ్ మందం కాగితమంత కూడా ఉండదు. దాని కింద ఇసుక రేణువు ఒకటి పడితే గుండుసూది తలంత బుడిపె లేస్తుంది. నాలుగు వైపులా గోడలున్న గ్యారేజీ గానీ అపార్ట్‌మెంట్ సెల్లార్ గానీ అయితే బాగుంటుంది. ఎండలో అసలు వద్దు, అద్దం వేడెక్కి నీళ్లు క్షణాల్లో ఆరిపోతాయి. పొద్దున్నే, గాలి లేనప్పుడు, నేల మీద కళ్లాపి చల్లి దుమ్ము అణిగాక మొదలుపెట్టండి. ఫ్యాన్, కారు ఏసీ రెండూ ఆపేయండి. ఉన్ని, నూగు బట్టలు వేసుకోవద్దు.

డోర్ లోపలి ప్యానెల్ మీద, ముఖ్యంగా పవర్ విండో స్విచ్‌ల మీద, ప్లాస్టిక్ కవరు పరిచి టేపు వేయండి. దాని మీద టవల్ పరవండి. స్విచ్‌లోకి నీళ్లు దిగితే ఖర్చు ఫిల్మ్ ధరను దాటిపోతుంది.

శుభ్రం చేయడం

ఫిల్మ్ వేసేది అద్దం లోపలి వైపు. కానీ బయటి వైపు కూడా కడగాలి, ఎందుకంటే ఫిల్మ్ కొలిచి కోసేది బయటి వైపునే.

లోపలి అద్దం మీద షాంపూ నీళ్లు బాగా కొట్టి, స్క్రేపర్‌తో పై నుంచి కిందికి, ఒకే దిశలో గీకండి. అద్దం శుభ్రంగా కనిపిస్తున్నా సరే గీకండి. బ్లేడు వెళ్తుంటే కరకర శబ్దం వినిపిస్తుంది. అది మీ కంటికి కనిపించని మురికే. ఆ శబ్దం పూర్తిగా ఆగి, బ్లేడు మెత్తగా జారేదాకా గీకాలి. తర్వాత మళ్లీ నీళ్లు కొట్టి స్క్వీజీతో లాగేయండి. పాత ఫిల్మ్ తీసిన అద్దమైతే జిగురు మిగిలి ఉంటుంది, దాని మీద నీళ్లు కొట్టి పది నిమిషాలు నాననిస్తే తేలిగ్గా వస్తుంది.

అద్దం పైఅంచు మరిచిపోవద్దు. అద్దాన్ని రెండు అంగుళాలు దించి, మామూలుగా రబ్బరు బీడింగ్‌లో దాగి ఉండే ఆ అంచును తుడవండి. అక్కడ నల్లటి జిడ్డు గీత కనిపిస్తుంది. అది ఉంటే ఫిల్మ్ పైభాగం పట్టుకోదు.

అన్నిటికంటే ఎక్కువ దుమ్ము దాగేది కింద, అద్దం డోర్‌లోకి దిగే చోట ఉండే నూగు బీడింగ్‌లో. దాని మీద ఎక్కువగా నీళ్లు కొట్టొద్దు, కొడితే ఆ మురికంతా పైకి తేలుతుంది. కార్డుకు తడి గుడ్డ చుట్టి, బీడింగ్ సందులో ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగండి. గుడ్డ నల్లగా వస్తే మడత మార్చి మళ్లీ. గుడ్డ తెల్లగా వచ్చాక బీడింగ్ పొడవునా మాస్కింగ్ టేపు వేసి నూగును అణిచేయండి. ఈ ఒక్క పనికి పావుగంట పట్టినా తక్కువేం కాదు.

కొలిచి కోయడం

అద్దం పూర్తిగా ఎక్కించండి. బయటి వైపు నీళ్లు కొట్టి, ఫిల్మ్ ముక్కను అద్దానికి అతికించండి. ఫిల్మ్‌కు ఒక వైపు పారదర్శకమైన లైనర్ పొర ఉంటుంది. అది ఏ వైపుందో తెలియకపోతే ఒక మూలకు రెండు వైపులా సెల్లోటేపు ముక్కలు అంటించి లాగండి, లైనర్ విడిపోయి తెలుస్తుంది. బయట కొలిచేటప్పుడు లైనర్ మీ వైపు ఉండాలి. అదే ముక్కను లోపలికి తీసుకెళ్లినప్పుడు జిగురు వైపు అద్దాన్ని చూస్తుంది. ఇది తలకిందులైతే కోసిన ముక్క అద్దం ఆకారానికి అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది, ఎందుకూ పనికి రాదు.

ఫిల్మ్ కింది అంచు బీడింగ్ కంటే ఒక అంగుళం కిందికి వేలాడేలా సరిచేయండి. పక్కల బీడింగ్ సందులోకి దూరేందుకు చెరో అర సెంటీమీటరు వదిలి కోయండి. ఇప్పుడు అద్దాన్ని ఒక అంగుళం దించి, అద్దం పైఅంచునే ఆధారంగా పెట్టుకుని బ్లేడు నడపండి. బ్లేడును నిటారుగా పట్టుకోకండి, పడుకోబెట్టినట్టు ఏటవాలుగా పట్టుకుని, ఒకే ఊపులో లాగండి. ఆగి ఆగి కోస్తే అంచు రంపపు పళ్లలా వస్తుంది. ఒక డోర్‌కు ఒక బ్లేడు కొస, తర్వాత విరిచేయండి. మొద్దు బారిన బ్లేడు ఫిల్మ్‌ను చింపుతుంది, దాన్ని అదిమితే గాజు మీద గీత పడుతుంది. నున్నగా కోశాక మూలలను గోరంత గుండ్రం చేయండి, సూది మూలలు ముందుగా లేస్తాయి.

ఫిల్మ్ అద్దం ఒంపుకు పట్టక ఎక్కడైనా వేళ్లలా ముడతలు లేస్తుంటే, ఇక్కడే, బయటే, లైనర్ ఉండగానే డ్రయ్యర్‌తో వెచ్చచేసి స్క్వీజీతో చదును చేయండి. వేడి గాలిని ఒకే చోట నిలపకండి, ఫిల్మ్ ముడుచుకుపోతుంది.

అతికించడం

ఇక్కడ ఇంకో మనిషి ఉంటే సగం భారం తగ్గుతుంది. ఇద్దరూ చేతులు కడుక్కుని వేళ్లు తడి చేసుకోండి. పొడి వేలు జిగురుకు తగిలితే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది.

కింది బీడింగ్ మీద వేసిన మాస్కింగ్ టేపు అలాగే ఉండాలి. అద్దాన్ని అంగుళం దించి ఉంచండి. లోపలి అద్దం మీద చివరిసారి పై నుంచి కిందికి నీళ్లు కొట్టండి, జల్లు ధారగా కారేంతగా. లైనర్‌ను పై నుంచి మూడింట రెండు వంతులు మాత్రమే ఊడదీసి, బయటపడిన జిగురు మీద వెంటనే నీళ్లు కొట్టండి. కింది భాగానికి లైనర్ అలాగే ఉంచండి. అది ఉన్నంతసేపు ఫిల్మ్ కింది అంచు బీడింగ్ దుమ్మును పట్టుకోదు.

ముక్కను పై రెండు మూలలతో పట్టుకుని అద్దం మీద పెట్టి, జార్చుకుంటూ సరిచేయండి. పైఅంచు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అద్దం అంచుకు సరిగ్గా సమానంగా పెడితే, ఎక్కించి దించేటప్పుడు బీడింగ్ దాన్ని గీరి లేపేస్తుంది. ఈ సన్నటి ఖాళీ బయటికి కనిపించదు, అద్దం ఎక్కించాక బీడింగ్‌లోకి వెళ్లిపోతుంది.

చోటు కుదిరాక ఫిల్మ్ పై నుంచి కూడా నీళ్లు కొట్టండి, స్క్వీజీ గీతలు పడకుండా. ముందు పైభాగాన అడ్డంగా ఒక్క లాగు లాగి ఫిల్మ్‌ను నిలబెట్టండి. తర్వాత మధ్య నుంచి పక్కలకు, ఒక్కో లాగు ముందు లాగు మీద కొంచెం ఎక్కేలా. పక్కలకు వచ్చాక కార్డుతో ఫిల్మ్‌ను బీడింగ్ సందులోకి మెల్లగా దూర్చండి.

పైభాగం గట్టిగా పట్టిందనుకున్నాక, అద్దాన్ని నెమ్మదిగా పూర్తిగా ఎక్కించండి. ఇప్పుడు కింది మాస్కింగ్ టేపు తీసి, ఫిల్మ్ కింది భాగాన్ని పైకెత్తి, మిగిలిన లైనర్ ఊడదీసి, నీళ్లు కొట్టి, కార్డుతో బీడింగ్ లోపలికి దించండి. కింది భాగాన్ని పై నుంచి కిందికే లాగాలి. ఎదురు లాగితే బీడింగ్‌లోని మురికి నీళ్లు ఫిల్మ్ కిందికి ఎక్కుతాయి. ఆఖరున కార్డుకు పొడి గుడ్డ చుట్టి అంచులన్నీ గట్టిగా నొక్కండి, కారిన నీళ్లన్నీ పీల్చేసుకునేలా.

మొదటి డోర్‌గా వెనక డోర్‌నే ఎంచుకోండి. డ్రైవర్ డోర్ ఆఖరుకు ఉంచుకోండి, అప్పటికి చెయ్యి తిరిగి ఉంటుంది. రోజూ మీరు చూసేది ఆ అద్దంలోంచే, సైడ్ మిర్రర్ కనిపించేదీ దానిలోంచే. వెనక డోర్ పక్కనుండే చిన్న త్రికోణపు అద్దం తేలికనుకుంటారు కానీ అది కదలదు, నాలుగు వైపులా బీడింగే. దాన్ని రెండు పెద్ద డోర్లు అయ్యాక చేయండి.

ఆరనివ్వడం

పని అయ్యాక స్విచ్‌ల మీద టేపు వేసేయండి, ఇంట్లో ఎవరూ పొరపాటున అద్దం దించకుండా. వేసవిలో మూడు నాలుగు రోజులు, వానాకాలం, చలికాలంలో వారం పైనే అద్దాలు దించకూడదు. కారును రోజూ కాసేపు ఎండలో నిలిపితే త్వరగా ఆరుతుంది. మొదటి రోజుల్లో అద్దం కాస్త మసగ్గా, అక్కడక్కడ చిన్న నీటి పొక్కులతో కనిపిస్తుంది. కంగారు పడి పిన్నుతో గుచ్చకండి, వేలితో రుద్దకండి. ఆ నీళ్లు ఫిల్మ్‌లోంచి వాటంతట అవే ఆవిరైపోతాయి.

పొక్కుకూ దుమ్ముకూ తేడా ఇలా తెలుసుకోవాలి. పొక్కు మీద వేలితో నొక్కితే మెత్తగా కదులుతుంది, నాలుగు రోజుల్లో చిన్నదవుతుంది. దుమ్ము బుడిపె గట్టిగా, నడుమ నల్ల చుక్కతో ఉంటుంది, ఎన్ని రోజులైనా అలాగే ఉంటుంది. అలాంటివి అంచుల్లో రెండు మూడు ఉంటే వదిలేయండి, బయటి నుంచి ఎవరికీ కనిపించవు. డ్రైవర్ చూపు పోయే చోట ఉంటే మాత్రం ఆ ఒక్క డోర్ ఫిల్మ్ తీసేసి మళ్లీ వేయడమే మంచిది. ఎక్కువగా కొన్న ముక్క అందుకే. అప్పుడే అతికించిన ఫిల్మ్‌లో ఫలానా చోట రేణువు ఉందని అదే నిమిషంలో కనిపిస్తే, ఆ మూల నుంచి ఫిల్మ్ లేపి, రెండు వైపులా ధారాళంగా నీళ్లు కొట్టి కడిగి, మళ్లీ వేయొచ్చు. గంట దాటాక లేపితే జిగురు చెదిరిపోతుంది.

నెల రోజుల వరకు ఫిల్మ్ మీద ఏ క్లీనరూ వాడొద్దు. ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు దగ్గరికి రానీయొద్దు. అవి రంగు ఫిల్మ్‌ను వెలిసిపోయేలా చేస్తాయి, అంచుల జిగురును కరిగిస్తాయి. ఇంట్లో అద్దాలకు చేసినట్టు న్యూస్‌పేపర్‌తో రుద్దితే సన్నటి గీతలు పడతాయి. రెండు చుక్కల షాంపూ వేసిన నీళ్లు, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కింది బీడింగ్ దగ్గరికి వచ్చేసరికి గుడ్డను అడ్డంగా లాగండి. కింది నుంచి పైకి రుద్దితే అంచు లేస్తుంది.